గచ్చిబౌలిలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలంటే: పాలమూరు, నల్లగొండ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కల్వకుర్తి దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీని. వీలైనప్పుడల్లా పిల్లల్ని హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ చూపించడానికి తీసుకెళ్తుంటాను. వెళ్ళే ముందు తల్లిదండ్రులు, వెళ్ళొచ్చాక పక్క మండలాల సార్లు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో ఆట సంగతి తక్కువ, బస్సుల సంగతి ఎక్కువ ఉందనిపించొచ్చు. ఒకసారి వెళ్ళొస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

హైదరాబాద్ టీమ్ ఢిల్లీకి పోయిందట కదా, ఇంక చూడటానికి ఏముంది?

పోయిన మాట నిజమే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుణె క్లబ్ మూతపడితే ఆ స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. పుణె పోతే మనకొచ్చింది, మన దగ్గర నుంచి ఢిల్లీకి పోయింది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళినట్టే అయింది.

అంతకంటే బాధ ఇంకొకటి ఉంది. 2021-22లో ఈ టీమ్ ఛాంపియన్ అయింది. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించింది, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కానీ కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడారు. కప్పు గెలిచిన ఏడాది హైదరాబాద్ గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మా పిల్లలు ఆ ఫైనల్ సెల్‌ఫోన్‌లో చూశారు.

అయినా స్టేడియం ఎక్కడికీ పోలేదు కదా. 2024లో ఒక్క ఏడాదిలోనే ఇక్కడ సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, నవంబర్‌లో భారత్, మలేషియా మ్యాచ్, డిసెంబర్ 31న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగాయి. ఆ ఫైనల్లో 90 నిమిషాలు దాటాక కలిపే అదనపు నిమిషాల్లో రోబీ హన్స్దా గోల్ కొట్టి బెంగాల్‌ను 1-0తో గెలిపించాడు. కాబట్టి వారం వారం మ్యాచ్ ఉంటుందనుకోకండి, వచ్చినప్పుడు మాత్రం వదులుకోకండి. ముందు మ్యాచ్ ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే సెలవు పెట్టండి.

ఉప్పల్ స్టేడియం, ఎల్బీ స్టేడియం, గచ్చిబౌలి స్టేడియం ఒకటేనా?

కాదు. ఈ తికమకలో మా ఊరి కుర్రాళ్ళు ఇద్దరు ఒకసారి ఉప్పల్‌లో దిగి ఫోన్ చేశారు. ఉప్పల్‌లో ఉన్నది క్రికెట్ స్టేడియం. 2025 డిసెంబర్‌లో మెస్సీ వచ్చింది అక్కడికే. మన పాలమూరు జిల్లాలో పుట్టిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జెర్సీ వేసుకుని బంతి తన్నిందీ అక్కడే. అందుకే చాలామంది ఫుట్‌బాల్ అంటే ఉప్పల్ అనుకుంటున్నారు. ఎల్బీ స్టేడియం బషీర్‌బాగ్ దగ్గర, ఊరి నడుమ ఉంది. మనం చెప్పుకునేది గచ్చిబౌలిలో పాత ముంబై రోడ్డు మీద, ట్రిపుల్ ఐటీ పక్కన ఉన్న జీఎంసీ బాలయోగి స్టేడియం గురించి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. దాదాపు 30 వేల మంది పడతారు.

బాలయోగి ఎవరు?

లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన కోనసీమ నాయకుడు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. దారిలో పిల్లలు తప్పకుండా అడుగుతారు, తెలుసుకుని వెళ్ళండి.

నల్లగొండ వైపు నుంచి ఎట్లా వెళ్ళాలి?

ఇది సులువైన దారి. నల్లగొండ, నకిరేకల్, చౌటుప్పల్ ఎక్కడ ఎక్కినా బస్సు ఎల్బీనగర్ మీదుగానే పోతుంది. ఎంజీబీఎస్ పెద్ద బస్టాండు దాకా కూర్చోకుండా ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. అది ఎర్ర లైను. అమీర్‌పేటలో దిగి నీలం లైనుకు మారి రాయదుర్గం దాకా వెళ్ళాలి, అదే ఆఖరి స్టేషన్. మారడానికి పట్టే సమయం కూడా కలిపి గంట పైన వేసుకోండి. రాయదుర్గం నుంచి స్టేడియం నాలుగైదు కిలోమీటర్లు ఉంటుంది. నలుగురుంటే ఆటో మాట్లాడుకోండి, లేదంటే గచ్చిబౌలి వైపు సిటీ బస్సు ఎక్కండి.

నల్లగొండ మీదుగా లింగంపల్లి దాకా వెళ్ళే రైళ్ళు కొన్ని ఉన్నాయి. లింగంపల్లి నుంచి స్టేడియం దగ్గరే. కానీ రైలు టైమూ మ్యాచ్ టైమూ కలవడం మన అదృష్టం. అవి ఆలస్యమైతే కడుపులో మంట మొదలవుతుంది. నేనైతే బస్సే ఎక్కుతాను.

దేవరకొండ, మాల్ వైపు వాళ్ళు సాగర్ రోడ్డు మీదుగా వస్తారు కాబట్టి వాళ్ళకూ ఎల్బీనగరే దగ్గర.

మహబూబ్‌నగర్, జడ్చర్ల, షాద్‌నగర్ వాళ్ళకు?

మీరు మెట్రో కోసం ఎంజీబీఎస్ దాకా పోవచ్చు, కానీ ఊరంతా చుట్టి వచ్చినట్టవుతుంది. ఆరాంఘర్‌లో దిగి, అత్తాపూర్ మీదుగా మెహిదీపట్నం వెళ్ళే సిటీ బస్సు ఎక్కండి. మెహిదీపట్నం నుంచి టోలిచౌకి మీదుగా గచ్చిబౌలికి బస్సులు ఆగకుండా తిరుగుతుంటాయి. సాయంత్రం ఐదు దాటితే టోలిచౌకి, షేక్‌పేట దగ్గర ట్రాఫిక్ చూసి టెన్షన్ పడకండి. ఆ దారిలో రోజూ అదే కథ. నాలుగింటికల్లా మెహిదీపట్నం దాటేలా బయల్దేరండి.

కల్వకుర్తి, అచ్చంపేట వైపు నుంచి?

మాది ఈ రోడ్డే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. శ్రీశైలం హైవే మీద ఆమనగల్లు, కడ్తాల్ దాటాక తుక్కుగూడ వస్తుంది. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. సొంత బండి ఉంటే తుక్కుగూడ దగ్గర ఔటర్ ఎక్కి, శంషాబాద్, నార్సింగి మీదుగా గచ్చిబౌలిలో దిగొచ్చు. సిగ్నల్ అనేదే తగలదు. ఎక్కువ మంది ఉంటే తుఫాన్ బండి మాట్లాడుకోవడం మేలు. డీజిల్, టోల్ కలిపి తలా పంచుకుంటే బస్సు, మెట్రో, ఆటో ఛార్జీలకు పెద్ద తేడా ఉండదు. బస్సులో అయితే ఎంజీబీఎస్ చేరి, అక్కడే ఉన్న మెట్రో స్టేషన్లో ఎర్ర లైను ఎక్కాలి.

బైక్ మీద ఔటర్ ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి బైకులను, ఆటోలను రానివ్వరు. పక్కన సర్వీస్ రోడ్డు మీద పోవచ్చు కానీ రాత్రిపూట పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఆ దారిలో రావొద్దని నా మాట.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కదా?

అవును. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తారు. అమ్మాయిలకూ ఇస్తారు. ఆధార్ కార్డు మర్చిపోవద్దు. సూపర్ లగ్జరీ ఎక్కి కండక్టర్‌తో వాదించొద్దు, అందులో వర్తించదు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు, మెట్రో రైలు కాదు. రైలుకు అందరూ టికెట్ కొనాల్సిందే.

టికెట్ ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ కూర్చుంటే మంచిది?

పెద్ద మ్యాచ్‌లకు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. ఎక్కడ అమ్మేదీ ఒక్కో మ్యాచ్‌కు మారుతుంది, ప్రకటన చూసుకోవాలి. స్టేడియం దగ్గర కౌంటర్ ఉంటుందిలే అని మాత్రం బయల్దేరొద్దు. వంద కిలోమీటర్లు వచ్చి గేటు బయట నిలబడటం కంటే ఇంట్లో టీవీ నయం. టికెట్ ఫోన్‌లో ఉంటే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి కూడా పంపండి. మీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయేది సరిగ్గా గేటు దగ్గరే.

ఇక సీటు సంగతి. ఇది ఒక్క ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియం కాదు. మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్ ఉంది. దాంతో ఆట మనకు కాస్త దూరంగా జరుగుతుంది. గోల్ వెనక సీట్లయితే మరీ దూరం, ఎందుకంటే ట్రాక్ వంపు తిరిగేది అక్కడే. చవగ్గా వస్తుందని గోల్ వెనక తీసుకుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాళ్ళను అడగాల్సి వస్తుంది. నడిమి గీతకు ఎదురుగా, వీలైనంత పైన కూర్చోండి. మొదటి వరుస మోజు క్రికెట్‌లో సరే, ఇక్కడ మెట్లు ఎక్కినకొద్దీ ఆట విప్పుకుంటుంది.

ఎంత ముందు వెళ్ళాలి?

ఆట మొదలయ్యే గంటన్నర ముందు గేటు దగ్గర ఉండాలి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది.

2024 నవంబర్ 18, సోమవారం. భారత్, మలేషియా మ్యాచ్. నేనూ మా తెలుగు సారూ పదకొండు మంది పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళాం. పదకొండు మంది, అంటే ఒక టీమ్. వాళ్ళు దారంతా ఎవరు ఏ పొజిషన్ అని కొట్లాడుకుంటూనే ఉన్నారు. అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు ఇద్దరు తప్పిపోయి దొరికారు. అక్కడే ఇరవై నిమిషాలు పోయాయి. గచ్చిబౌలి చేరేసరికి చీకటి పడింది. కనిపించిన మొదటి లైన్లో నిలబడ్డాం. చాలాసేపటికి ముందున్న ఒకాయన వెనక్కి తిరిగి, "మీరు కూడా షటిల్‌కేనా?" అని అడిగాడు. మేం నిలబడింది ఇండోర్ స్టేడియం వైపు. ఆ ఆవరణలో ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే లేదు, ఇండోర్ స్టేడియం ఉంది, ఈత కొలను ఉంది. గేట్లూ వేరు వేరు.

పరుగెత్తుకుంటూ సరైన గేటుకు వెళ్ళాం. 19వ నిమిషంలో మలేషియా గోల్ కొట్టినప్పుడు మేం ఇంకా తనిఖీ దగ్గరే ఉన్నాం. లోపలి నుంచి అరుపు రాలేదు. వేలమంది ఒక్కసారి ఊపిరి వదిలినట్టు ఒక శబ్దం వచ్చింది. మా గోల్‌కీపర్ పిల్లాడు నా చెయ్యి పట్టుకుని, "సార్, మనకే పడ్డట్టుంది" అన్నాడు. తర్వాత రాహుల్ భేకే హెడర్‌తో స్కోరు సమం చేసినప్పుడు మాత్రం మేం లోపలే ఉన్నాం. అదొక్కటే ఊరట. 1-1తో ముగిసింది.

లోపలికి ఏమేం తీసుకుపోనివ్వరు?

నీళ్ళ సీసాలు, బయటి తిండి, అగ్గిపెట్టె, పవర్ బ్యాంకు, పెద్ద బ్యాగులు సాధారణంగా ఆపేస్తారు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది, చిల్లర నాణేలు. మైదానంలోకి విసురుతారన్న భయంతో అవి కూడా తీయిస్తారు. మా పిల్లాడొకడు నాన్నమ్మ ఇచ్చిన పది రూపాయల బిళ్ళలు నాలుగు గేటు దగ్గర వదిలేసి రావాల్సి వచ్చింది. వాడు రెండు సగాల మధ్య కూడా వాటి గురించే అడిగాడు. నోట్లుగా మార్చుకుని తీసుకెళ్ళండి.

మరి తిండి?

లోపల దొరుకుతుంది, రేట్లు మాత్రం మన బస్టాండు రేట్లు కావు. వెళ్ళే ముందే బయట తినేయండి. మేం ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళి స్టేడియం బయట రోడ్డు పక్కన కూర్చుని తింటాం. మూత గట్టిగా పెట్టుకోండి.

ఆట ఎంతసేపు? ఆఫ్‌సైడ్ అర్థం కాకపోతే చూడటం దండగేనా?

ఒక్కో సగం 45 నిమిషాలు, నడుమ 15 నిమిషాల విరామం, చివర అదనపు నిమిషాలు. మొత్తం రెండు గంటల లోపే. క్రికెట్‌కు పోయినట్టు రోజంతా కేటాయించనక్కర్లేదు. కానీ మధ్యలో లేచి చాయ్‌కి పోతే గోల్ పోయినట్టే.

ఆఫ్‌సైడ్ తెలియకపోయినా ఆట ఆగదు. అయినా ఒక్క ముక్కలో చెప్తాను. నీవాడు నీకు బంతి అందించే క్షణంలో, అవతలి సగంలో నువ్వు బంతికంటే ముందుండి, నీకూ గోల్ గీతకూ మధ్య అవతలి ఆటగాళ్ళు ఇద్దరైనా లేకపోతే ఆఫ్‌సైడ్. ఆ ఇద్దరిలో ఒకడు మామూలుగా గోల్‌కీపరే. బంతి నీకు చేరిన క్షణం కాదు, వాడు తన్నిన క్షణం లెక్క. మా బడిలో ఇది నేర్పడానికి నాకు ఒక నెల పట్టింది, స్టేడియంలో పై మెట్టు మీద కూర్చుంటే అరగంటలో పట్టేశారు.

టీవీలో ఇంతకంటే బాగా కనపడుతుంది కదా, ఎందుకు వెళ్ళాలి?

బంతి బాగా కనపడుతుంది, ఆట కనపడదు. టీవీ బంతి వెనకే తిరుగుతుంది. స్టేడియంలో మీరు బంతి లేనివాళ్ళను చూడొచ్చు. పిల్లలకు నేను ఒక పని పెడతాను. పది నిమిషాల పాటు బంతిని చూడొద్దు, ఒక్క డిఫెండర్‌నే చూడండి అంటాను. వాడు ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, పక్కవాడికి చెయ్యి ఎట్లా చూపించాడు, బంతి యాభై గజాల దూరంలో ఉండగానే రెండడుగులు ఎందుకు పక్కకు జరిగాడు. మా దగ్గర ఆడేటప్పుడు బంతి ఎటుపోతే పదిమందీ అటే పరుగెత్తేవాళ్ళు. ఆ మలేషియా మ్యాచ్ తర్వాత వారానికి, ఎవరూ చెప్పకుండానే మా లెఫ్ట్ బ్యాక్ తన చోటు వదలకుండా నిలబడ్డాడు.

వీలైతే వార్మప్ టైముకే లోపలికి వెళ్ళండి. స్టేడియం ఇంకా నిండకముందు బంతిని తన్నిన చప్పుడు పై మెట్టు దాకా వస్తుంది. కాలు తగలడం ముందు కనపడుతుంది, చప్పుడు ఒక్క రెప్పపాటు తర్వాత వినపడుతుంది. పిడుగు పాఠం చెప్పడానికి మా సైన్స్ మేడమ్ ఇప్పుడు దీన్నే ఉదాహరణగా వాడుతున్నారు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ ఎక్కడిదండీ, అది బెంగాల్ వాళ్ళ ఆట కదా?

ఈ మాట మా హెచ్ఎం గారే అన్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు, అప్పట్లో దేశంలో పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమ్‌ను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమే భారత జట్టు కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్, మరుసటి ఏడాది చనిపోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో ఆడాడు. 1977లో పీలే కలకత్తాకు వచ్చినప్పుడు ఎదురుగా మోహన్ బగాన్ తరఫున ఆడిన మహమ్మద్ హబీబ్ కూడా హైదరాబాదీయే. బెంగాల్ వాళ్ళ ఆటే, కానీ వాళ్ళ టీముల్లో మనవాళ్ళు ఎందరో.

అన్నట్టు రహీమ్ సాబ్ వృత్తి బడిపంతులు. పీఈటీని కదా, ఇది చెప్పకుండా ఉండలేను.

రాత్రి తిరిగి రావడం ఎట్లా?

అసలు ప్రశ్న ఇదే. ఏడున్నరకు మొదలైన మ్యాచ్ తొమ్మిదిన్నరకు అవుతుంది. బయటపడి రాయదుర్గం చేరేసరికి పది దాటుతుంది. మెట్రో ఆఖరి రైలు పదకొండు ప్రాంతంలో. అమీర్‌పేటలో మారేటప్పుడు అవతలి లైను ఆఖరి రైలు కూడా అందాలి, అది లెక్క వేసుకోండి.

నల్లగొండ వాళ్ళకు ఎల్బీనగర్‌లో రాత్రంతా విజయవాడ బస్సులు దొరుకుతాయి. కానీ అవి నల్లగొండలోకి రావు. నార్కట్‌పల్లిలో దింపి పోతాయి. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్లు. తీసుకెళ్ళడానికి ఎవరినైనా బండితో రమ్మని ముందే చెప్పి ఉంచండి. మహబూబ్‌నగర్ వాళ్ళదీ అదే బాధ. ఆరాంఘర్‌లో కర్నూలు, బెంగళూరు బస్సు ఎక్కితే జడ్చర్లలో దిగి మిగతా దూరం మీరే చూసుకోవాలి.

మా కల్వకుర్తి, అచ్చంపేట వాళ్ళకు ఆ అదృష్టం కూడా లేదు. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రోడ్డు మూసేస్తారు. దాంతో శ్రీశైలం వైపు రాత్రి బస్సులు నడవవు. పులి నిద్ర చెడకూడదు, మన నిద్ర సంగతి ఎవరికి పట్టింది!

ఆ మలేషియా మ్యాచ్ రాత్రి మేం ఎంజీబీఎస్‌లోనే పడుకున్నాం. పదకొండు మంది పిల్లలు ప్లాట్‌ఫాం మీద వరసగా, బ్యాగులు తలకింద పెట్టుకుని. దోమలు. తెలుగు సార్ తువ్వాలతో విసురుతూ కూర్చున్నారు. రెండింటికి ఒకడు లేచి, "సార్, ఆ హెడర్‌కు ఎగిరేటప్పుడు కళ్ళు మూసుకున్నాడా, తెరిచే ఉన్నాడా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. తెల్లవారుజామున మొదటి బస్సులో వచ్చి, ఎనిమిదిన్నరకు నేరుగా ప్రార్థనకు నిలబడ్డారు. ఆ రోజు తల్లిదండ్రుల నుంచి నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను. అప్పటి నుంచి తుఫాన్ బండి లేనిదే రాత్రి మ్యాచ్‌కు తీసుకెళ్ళడం లేదు. అమ్మాయిల టీమ్‌ను తీసుకెళ్ళినప్పుడు మా మేడమ్ ఒకరు తప్పకుండా వస్తారు, తల్లిదండ్రుల సంతకాలు, హెచ్ఎం అనుమతి కాగితం నా జేబులో ఉంటాయి.

డెక్కన్ అరీనా అని విన్నాం, అదేంటి?

మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో, చేవెళ్ళ వెళ్ళే రోడ్డు మీద ఉన్న చిన్న మైదానం. శ్రీనిధి డెక్కన్ క్లబ్ సొంత గ్రౌండ్. ఈ క్లబ్ 2022-23లోనూ 2023-24లోనూ, సూపర్ లీగ్ కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ట్రాక్ లేదు కాబట్టి ఆటగాళ్ళ అరుపులు కూడా వినపడతాయి. పిల్లలకు మొదటిసారి చూపించాలంటే నేను గచ్చిబౌలి కంటే దీన్నే ముందు చెప్తాను. మహబూబ్‌నగర్ వాళ్ళు శంషాబాద్‌లో ఔటర్ ఎక్కి, పోలీస్ అకాడమీ జంక్షన్ దగ్గర దిగి చేవెళ్ళ రోడ్డు పట్టుకోవచ్చు. ఇంకాస్త ముందుకు పోతే దారికి రెండు వైపులా మర్రిచెట్లు బాగుంటాయి. పిల్లలమర్రి చూసిన పాలమూరు వాళ్ళకు అవి అంత గొప్పగా అనిపించకపోవచ్చు.

ముసలివాళ్ళను, చంటిపిల్లలను తీసుకెళ్ళొచ్చా?

మెట్లు ఎక్కగలిగితే పెద్దవాళ్ళకు ఇబ్బంది లేదు. చంటిపిల్లలను రాత్రి మ్యాచ్‌కు వద్దు. డప్పులు, అరుపులు మన జాతరకు తక్కువేమీ ఉండవు.

వాన పడితే మ్యాచ్ ఆగిపోతుందా?

క్రికెట్‌లాగా చినుకు పడగానే కవర్లు కప్పరు. పిడుగులు పడితేనో, నీళ్ళు నిలిచి బంతి కదలకపోతేనో తప్ప ఆడుతూనే ఉంటారు. గొడుగు గేటు దగ్గరే ఆపేస్తారు, రెయిన్‌కోటు పెట్టుకోండి.